టంకశాల యెఱుగని రూపాయలు

నేటి నా ప్రసంగమునకు విషయము రూపాయి. మీరు జేబులో వేసికొని సంతకు పోవు రూపాయి కాదు. మీ యింటి భోషాణములో పాతగుడ్డ మూటలో, మీ తల్లిగారో అవ్వగారో దాచిపోయిన వెండి రూపాయి. దానిని ప్రక్కన నుంచుకొని నా మాటలు వినగలిగినచో మంచిది. చిన్న త్రాసు కూడ నుండినచో నింకను మంచిది. ఏలయన, మీ మూటలోని రూపాయలన్నియు రూపాయలే యగునో కాదో నేను చెప్పజాలను. మా మేనత్త మూటలోనివి కాకపోయెను. అందులో దోషము నాది.

విశాఖపట్టణమున రేవునకు చేరువగా నున్న పాతపట్టణమును జనులు వన్ టౌన్ అందురు. నేను పుట్టి పెరిగినది అచ్చటనే. కురుపాం మార్కెట్టు పరిసరములందు వెండి బంగారు కొట్లు కలవు. శ్రావణమాసములో వరలక్ష్మీవ్రతము సమీపించినప్పుడును, దీపావళికి ముందును, ఆ కొట్ల అద్దపు బల్లలలో ముఖమలు గుడ్డ పఱచి దానిమీద వెండి బిళ్లలు పేర్చుదురు. లక్ష్మీదేవి బిళ్లలు, వినాయకుని బిళ్లలు ఉండుట సహజమే. వాని ప్రక్కనే విక్టోరియా రాణి తలయు, అయిదవ జార్జి చక్రవర్తి కిరీటమును గల బిళ్లలు కూడ నుండును. తొలిచూపునకు పాత రూపాయలే యనిపించును. అవి ప్రభుత్వ టంకశాలలో పుట్టినవి కావు. ప్రైవేటు కార్ఖానాలలో వెండిరేకు గుండ్రముగా కోసి, రెండచ్చుల నడుమ నొక్కి తీసినవి. బజారులో వానికి నాణెపు విలువ లేదు; వెండికెంత వెలయో అంత, దానిపై కొంత మజూరి. ఇట్టి బిళ్లలను కూడబెట్టు వ్యసనము నాకు ఇంచుమించు ముప్పదియేండ్లుగా కలదు.

మా పేటలో విక్టోరియా రాణి విగ్రహ మొకటి కలదు. బాల్యమున నేనొక రూపాయిని చేతబట్టి, విగ్రహపు ముక్కునకును రూపాయి మీది ముక్కునకును పోలిక చూచుచు నిలుచుండెడివాడను. నాణెమనగా ముఖమే యనుకొంటిని. అది తప్పని తెలియుటకు చాలకాలము పట్టినది.

మన పెద్దలకు రూపాయి ముఖము కాదు, తూకము. ఉత్తర సర్కారులలో పూర్వము వరహాలును, రూకలును, కాసులును నడచెడివి. 1818లో మదరాసు ప్రభుత్వము వెండి రూపాయిని ప్రధాన నాణెముగా చేసి, 100 వరహాలకు 350 రూపాయలని లెక్క కట్టినది. 1833లో ఈస్టిండియా కంపెనీవారు తులమునకు 180 గ్రెయినుల యెత్తు నిర్ణయించిరి. 1835లో తమ యేలుబడి యందంతటను నొక్కటే రూపాయి నడచునట్లు ఆ తూకమునకే కొట్టించిరి. నేటి లెక్కకు 11.66 గ్రాములు. పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు మేలిమి వెండి, మిగిలిన పాలు కల్తీ లోహము. కావున రూపాయియే తులపురాయి యైనది. మూడు రూపాయల యెత్తు పలము. 120 రూపాయల యెత్తు వీశె. చిన్న అంగడిలో రాళ్లు లేనప్పుడు రూపాయలు వేసి తూచిరి. నాటువైద్యులు మందుదినుసులకు రూపాయి యెత్తు, అర్ధరూపాయి యెత్తు అని కొలత చెప్పిరి. కడియము చేయించుకొనువాడు కంసాలి యెదుట కొన్ని రూపాయలు పోసినచో, అవియే వెండి, అవియే తూనికరాళ్లు, అందులో నొకటి రెండు అవియే మజూరి. ఒక్క వస్తువు మూడు పనులు చేసినది. శరాబు రూపాయిని రాతిమీద మోగించి చెవియొగ్గుట మీలో వయసు మీఱినవారు కన్నులార చూచియుందురు, లేదా మీ తండ్రులవలన వినియుందురు.

ఇంకొక సంగతి కలదు. నేటివారికి నమ్మశక్యము కాదు. 1893 వఱకును ఎవరైనను తమ వెండిని కలకత్తాకో బొంబాయికో కొనిపోయి, ప్రభుత్వ టంకశాలలో కొలది సుంకము చెల్లించి, రూపాయలుగా కొట్టించుకొనవచ్చును. అందుచేత రూపాయి వెలయు, దానిలోని వెండి వెలయు దాదాపొక్కటిగనే యుండెను. 1893 జూనులో ఆ తలుపు మూసివేసిరి. అటుపిమ్మట వెండి యెంత చవుకయైనను రూపాయి చవుక కాలేదు. దీనివలన అధికారులకు వింతయైన భయ మొకటి పట్టినది. దొంగనాణెము చేయువాడు సీసమో తగరమో కలుపుట లోకమెఱిగినదే. ఇప్పుడన్ననో, పూర్తి వెండితో పూర్తి తూకముగల రూపాయిని కొట్టినను వానికి లాభమే! మంచివెండి దొంగరూపాయి యన్నమాట. ప్రైవేటువారు నాణెముగా వాడుటకు లోహపు బిళ్లలు చేయరాదని అంతకు నాలుగేండ్ల ముందే, 1889లో, చట్టము పుట్టియుండెను. ఆ చట్టమును తీసివేసి దాని స్థానమున వచ్చిన 2011 నాణెముల చట్టములో కూడ ఆ నిషేధము నిలిచియున్నది. కనుక బుద్ధిగల బిళ్లలవాడు తన బిళ్లమీద వెలయంకె వేయడు. తూకమును, వెండి పాలును వేయును.

ఇక మా మేనత్త సంగతి. ఆమె మా నాయనగారికి పెద్దక్క. చోడవరము దగ్గఱి పల్లెకు ఆమెనిచ్చిరి. మా మామగారు చెఱకు పండించి, బెల్లము వండించి, అనకాపల్లి మార్కెట్టునకు బండ్లు తోలెడివారు. ఒకయేడు మంచి ధర రాగా, 40 వెండి రూపాయలు ఎఱ్ఱగుడ్డలో కట్టి భార్యచేతికిచ్చి, "వీశెలో మూడోవంతు వెండి ఇది, జాగ్రత్త" అనిరట. ఆమె ఆ మాటను జీవితమంతయు మఱవలేదు. ఎన్ని రూపాయలని యడిగిన చెప్పకపోవచ్చును. ఎంత తూకమని యడిగిన తడుముకొనకుండ చెప్పగలదు.

1974లో నేను ఏ.వి.ఎన్. కళాశాలలో చదువుచుంటిని. నాణెముల పిచ్చి అప్పుడే పట్టినది. సెలవులకు పోయినప్పుడు మా మేనత్త ముచ్చటపడి మూటవిప్పి చూపినది. అందులో 1862 సంవత్సరపు రాణీ రూపాయ లెనిమిది కనబడినవి. నా ప్రాణము వానిమీదనే నిలిచినది. "అత్తా, ఇవి నల్లబడిపోయినవి, వీని బదులు తెల్లని రాణీ రూపాయలు తెచ్చియిత్తును" అంటిని. "రూపాయికి రూపాయే కదరా, నువ్వు చదువుకున్నవాడివి" అని యామె ఒప్పుకొన్నది. వన్ టౌన్‌లో నొక కొట్టునకు పోయి రాణి తలగల బిళ్లలెనిమిది కొంటిని. అసలు రాణీ రూపాయలే బాబూ యని గుమాస్తా యన్నాడు. నేను తూచలేదు. మోసము చేయవలెనని కాదు, తూచవలెనని తోచనేలేదు. ముఖము సరిపోయినది, నాకది చాలినది. ఆ యెనిమిదియు మూటలో కలిపి మేనత్త మరల ముడివేసినది.

ఇట్లనుటచేత, రూపాయిని పోలిన బిళ్లలను చేయుటయే పాపమని మీరు తలపవలదు. ఈ పని మన దేశమున నిన్న మొన్నటిది కాదు. క్రీస్తుశకపు తొలిశతాబ్దములలో రోమక సామ్రాజ్యపు వెండి నాణెములు మన తీరములకు విస్తారముగ వచ్చినవి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరకిన నిధిలో వేయికి మించిన రోమక వెండి నాణెములుండగా, వానిలో కొన్ని రోములో ముద్రింపబడినవి కావు, వానిని చూచి అనుకరించినవి. కొండాపురపు త్రవ్వకములలో రోమక నాణెములకు మట్టితో చేసిన ప్రతిరూపములే బయటపడినవి. మట్టి బిళ్లతో ఎవరును సరకు కొనరు గదా! మెడలో వ్రేలాడగట్టుకొనుటకే యవి. మన స్త్రీల కాసులపేరునకు మూలపురుషులు వీరేయని నేను పరిహాసముగా ననుచుందును.

రామటంకముల మాట మీకు నేను చెప్పనక్కఱలేదు. సీతారాములు సింహాసనముపై కూర్చుండియుండగా, ప్రక్కన లక్ష్మణుడును, ఎదుట హనుమంతుడును గల బిళ్లలను దేవాలయముల యొద్దను కంసాలుల యొద్దను వెండితోను బంగారుతోను చేయించి పూజలో నుంచుకొనిరి. రామదాసు బాకీని తీర్చుటకు రామలక్ష్మణులే మాఱువేషములతో తానీషా యింటికి పోయి రామమాడలు కుమ్మరించిరను కథ మనకు ఉగ్గుపాలతో వచ్చినది. అందులోనివేయని చెప్పు మాడలు రెండింటిని భద్రాచలములో నేటికిని చూపుదురు. అవి యే టంకశాలలోనివని ప్రశ్నించుట నా పని కాదు. పూజకు పెట్టిన బిళ్లను ఎవరును త్రాసులో వేయరు. వరలక్ష్మీవ్రతమునాడు కలశమునకు కట్టు లక్ష్మీ రూపును చూడుడు. రూపు, రూపాయి - ఈ రెండు మాటలు తోబుట్టువులే. రూపము ముద్రింపబడినది రూప్యమని పాణిని కాలమునాటికే వాడుక. ప్రభుత్వము ముద్రించిన రూపాయి బజారునకు పోయినది, కంసాలి ముద్రించిన రూపు పీటమీద కూర్చున్నది. రెండును గౌరవము గలవే.

చిక్కు వచ్చునది ఒకటి మఱియొకటిగా చెప్పుకొన్నప్పుడు. మన పల్లెలలో సీతారాముల బొమ్మయు, రెండవవైపున ఈస్టిండియా కంపెనీ పేరును, 1818 అను సంవత్సరమును గల రాగి బిళ్లలు తిరుగుచున్నవి. అరణా యనియు అణా యనియు వానిపై వ్రాసియుండును. కంపెనీవారట్టి నాణెమును ఎన్నడును ముద్రింపలేదు. వారి అరణా దేశమంతటికి నొక్కటిగా వచ్చినదే 1835 తరువాత. అది యెవరో అచ్చుకొట్టించిన పూజాబిళ్ల, అంతవఱకు నిర్దోషి. కాని దానికి బియ్యపుగింజల నాకర్షించు శక్తి కలదనియు, కోట్ల రూపాయలకు విదేశీయులు కొందురనియు చెప్పి, రైస్ పుల్లింగ్ అను పేరుతో పొలములమ్మించిన మోసగాండ్రు మన జిల్లాలలో ఎందఱో బయలుదేరిరి. పత్రికలలో మీరును చదివియుందురు. ఇనుపముక్క లంటించిన బియ్యము ఏ అయస్కాంతమునైనను వెంబడించును. ఎవడైనను మీ యూరికి అట్టి బిళ్లతో వచ్చినచో చుట్టును మజ్జిగయు నిచ్చి కూర్చుండబెట్టి, పోలీసులకు కబురంపుడు.

ఈ విషయములో అమెరికావారి పద్ధతి నాకు నచ్చినది. అచ్చటి ప్రైవేటు టంకశాలలు తమ దేశపు పాత డాలరుల బొమ్మలతో 31.1 గ్రాముల, అనగా ఒక ట్రాయ్ ఔన్సు, వెండి బిళ్లలను కొట్టుచున్నవి. మోర్గన్ అను శిల్పి 1878లో చెక్కిన స్వేచ్ఛాదేవి ముఖము వానిపై తఱచుగా కానవచ్చును. పాత నాణెములకు నకళ్లు చేయువారు దానిపై నకలు అని స్పష్టముగ ముద్రింపవలెనని 1973లో అచ్చట శాసనము చేసిరి. ఆ మోర్గన్ డాలరుకును మన మూటలకును నొక చుట్టఱికము కూడ కలదు. మొదటి మహాయుద్ధములో మన దేశమునకు వెండి కఱవు వచ్చినది. కాగితపు నోట్లు మార్చి వెండి యిమ్మని జనులు గుమిగూడిరి. 1918లో అమెరికా ప్రభుత్వము పిట్‌మన్ చట్టమను పేర తన ఖజానాలోని 25 కోట్లకు పైబడిన వెండి డాలరులను కరగించి, ఆ వెండిని ఇండియా కొఱకు బ్రిటిషువారి కమ్మినది. అవి రూపాయలైనవి. 1919, 1920 సంవత్సరముల జార్జి రూపాయి మీ యొద్ద నున్నచో అందులో స్వేచ్ఛాదేవి కరగియుండుట అసంభవము కాదు.

తరువాతి కథ త్వరగా చెప్పెదను. రెండవ యుద్ధములో, 1940లో, రూపాయిలో వెండి సగమునకు దిగినది. 1941 మొదలు 1943 లోపల పాత మంచివెండి రూపాయల చలామణి రద్దుచేసిరి. 1947 నాటి రూపాయి నికెలుది; అందులో వెండి లేనేలేదు. మంచి రూపాయలు బజారు విడిచి మూటలలో దాగినవి. పెండ్లికి రూపాయల దండ కావలసినవారికిని, పూజకు రాణీ రూపాయి కావలసినవారికిని అసలువి దొరకుట కష్టమైనది. లేనిదానికి నకలు పుట్టుట లోకసహజము. ఇంతలో తులమును కూడ కుదించిరి. ఇప్పుడనేకులు 10 గ్రాములనే తులమనుచున్నారు. నకలు రూపాయలు చాలవఱకు ఆ కొత్త తులమునకే దిగుచున్నవి.

నకలును గుర్తించుటకు మొదటి సాధనము త్రాసు. అరిగినది కొంచెము తగ్గవచ్చును గాని, అసలు రూపాయి 11 గ్రాములకు దిగువకు పోవుట అరుదు. రెండవది సంవత్సరము. రాణి బొమ్మ రూపాయలపై 1877కు పూర్వము రాణి యనియు, అప్పటినుండి చక్రవర్తిని యనియు ఇంగ్లీషున బిరుదముండును; 1901తో రాణి బొమ్మ ముగిసినది. ఎడ్వర్డు రూపాయలు 1903 మొదలు 1910 వఱకే. ఒకమాఱు నేను 1905 అని యున్న విక్టోరియా బిళ్లను కొంటిని. ఆమె 1901 జనవరిలో మరణించినది; ఆ అచ్చుచెక్కినవాడు పాపము ఇంకొక నాలుగేండ్ల ఆయుర్దాయ మిచ్చినాడు. ఆ బిళ్లయనిన నాకు మిక్కిలి యిష్టము. చేసినవాని గుర్తు, తూకము, 999 అను వెండి పాలు దానిపై చక్కగా నున్నవి. తన పేరు తాను చెప్పుకొను నకలు అది. మా మేనత్త మూటలో నేను వేసినవి నోరుమెదపని నకళ్లు.

1996లో మా మేనత్త మూటతో మా యింటికి వచ్చినది. మనుమరాలికి పెండ్లి కుదిరినది. ఆ వెండితో పట్టీలును, కుంకుమభరిణెయు, పళ్లెమును చేయించవలెనని యామె కోరిక. మా పేటలోనే మూడుతరములుగా నమ్మకముగల యొక వర్తకుని కొట్టునకు తీసికొనిపోతిని. ఆయన రూపాయలన్నియు లెక్కించి కాటాలో పోసెను. 40 రూపాయలకు 466 గ్రాములు రావలెను. 452 చూపినది.

ఆయన కాటా సరిచూచి మరల తూచెను. 452 గ్రాములే. మేనత్త గ్రాములెఱుగదు, కాని తులములలో చెప్పుమని యడిగి, ముప్పదితొమ్మిదికి కూడ చాలలేదని తెలిసికొన్నది. "మా ఆయన తూచి ఇచ్చిన నలభై తులాలు! ఒక్క రూపాయి తియ్యలేదు. నీ కాటాలోనే ఏదో ఉంది" అని గొంతెత్తినది. ముసలిదానిని మోసగించుచున్నారని వీధినిబోవువారు నిలువబడిరి. ఆ వర్తకుడు మాఱుమాట పలుకలేదు. నాణెముల సంగతి తెలిసినవాడనని నావంక చూచెను. నాకప్పటికే తెలిసిపోయినది. కుప్పలో తెల్లగా నెనిమిది కనబడుచుండెను. నిజము చెప్పవలెనన్న నేను ఒక నిమిషము ఊరకుంటిని. ఆ నిమిషములో నొకడు ఆయనను దొంగ యని కూడ అన్నాడు.

తుదకు ఆ యెనిమిదింటిని ఏరి ఒక్కొక్కటిగా కాటాపై నుంచితిని. ఒకటి 10.1, ఒకటి 9.8, వేఱొకటి 10. ఏ రెండును సరిపోలలేదు. అసలు రూపాయి నొకటి వేసి చూపితిని, 11.6. 1974 నాటి మాట అందఱి యెదుట చెప్పితిని. మేనత్త కొంతసేపు మాటాడలేదు. తరువాత, "ముందు ఆయనకు దణ్ణం పెట్టరా" అన్నది. పెట్టితిని. "ఇప్పుడు నా ఎనిమిదీ తెచ్చి నాకియ్యి" అన్నది.

ఏడు మాత్రమే నాయొద్ద నున్నవి. ఎనిమిదవదానిని నేను పూర్వమొక నాణెముల మిత్రునకిచ్చి, బదులుగా 1911 సంవత్సరపు జార్జి రూపాయిని తీసికొంటిని. ఆ రూపాయి కథ ప్రసిద్ధము. రాజు అంగీమీది హారములో నొక చిన్న యేనుగు కలదు. దాని తొండము పొట్టిగా చెక్కబడుటచే పందివలె కనబడినది. ముస్లిములు అభ్యంతరము చెప్పగా దాని పంపకము నిలిపివేసి, 1912లో బొమ్మను దిద్దిరి. ముద్రించినవానిలో అధికభాగము బయటికి రాకయే కరిగిపోయినది. నా సేకరణలో దానికి మించినది లేదు. దానిని తెచ్చి మేనత్త చేతబెట్టి కథయంతయు వివరించి, దీనికి పది పన్నెండు రాణీ రూపాయల వెల వచ్చుననియు, దీనిని కరగింపక అమ్మిన మేలనియు చెప్పితిని. ఆమె దానిని త్రిప్పిత్రిప్పి చూచి, "తులం తూగుతుందా?" అన్నది. వర్తకుడు తూచెను. తూగినది. "అయితే చాల్లే" అని మిగిలినవానిలో పడవేసినది. కొనిపెట్టుకొందునని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

ఆ దినము మరల తూచిన 40 రూపాయలు 465 గ్రాములు వచ్చినవి. తక్కువైనది అరుగుదల యని వర్తకుడు చెప్పగా మేనత్త ఒప్పుకొన్నది. మూస యెఱ్ఱబడి, రూపాయలొకదానివెంట నొకటి క్రుంగిపోవుచుండగా నేనచ్చటనే నిలిచి చూచితిని. ఆ నకళ్లెనిమిదియు నాకు మిగిలినవి. ఒక్కొక్కదాని తూకము కాగితముపై వ్రాసి పెట్టెలో మొదటి అఱలో నుంచితిని. నా బిళ్లల సేకరణ వానితోనే మొదలైనది.

పెండ్లినాడు మనుమరాలు పట్టీలు మ్రోగించుచు పందిటిలోనికి వచ్చినది. అందఱును పిల్ల ముఖము చూచుచుండిరి. నా రూపాయి ఏ కాలి పట్టీలో నున్నదో యని నేను పాదములు చూచుచుంటిని.